కంప్యూటరు ఆటలు - నిరీక్షణ చరిత్ర

కంప్యూటరుపై ఆటలాడు విద్యార్థులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. యంత్రములోని పాత హార్డ్ డిస్కును తీసివేసి సాలిడ్ స్టేట్ డ్రైవును, అనగా ఎస్.ఎస్.డి.ని, అమర్చుకొన్నచో ఆట వేగముగా నడచునా? పెట్టిన డబ్బునకు తగిన ఫలము కలుగునా? ఒక్క మాటలో చెప్పుట కష్టము. ఈ ప్రశ్నకు 2010లో సరియైన సమాధానము 2023 నాటికి సరిపోలేదు. ఈ నడుమ మారినది డ్రైవు మాత్రమే కాదు. ఆటలను తయారుచేయు పద్ధతియు మారినది.

1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ రమాక్ అను గణనయంత్రముతో పాటు మొట్టమొదటి డిస్కును వెలువరించినది. అందు 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు నిమిషమునకు 1,200 చుట్లు తిరిగెడివి. ఇంత ఆర్భాటమునకు అందు ఇమిడినవి 50 లక్షల అక్షరములే. కోరిన సమాచారమును చేరుటకు సగటున అర సెకనుకు పైగా పట్టెడిది.

డిస్కులు తరువాత ఎంతో చిన్నవైనవి. కాని వాని నడక మారలేదు. గ్రామఫోను ముల్లు వలె ఒక చేయి కావలసిన వలయము మీదికి జరుగవలెను. పిదప ఆ చోటు తిరిగి తిరిగి చేతి క్రిందికి వచ్చువరకు ఆగవలెను. ఇంటి కంప్యూటరులోని డిస్కు నిమిషమునకు 7,200 చుట్లు, అనగా సెకనుకు 120 చుట్లు తిరుగుననుకొందము. ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకనులు పట్టును. సగటున అర చుట్టు ఆగవలెను గనుక 4.2 మిల్లీసెకనులు. చేయి జరుగుటకు మరి 8 లేక 9 కలిపినచో ఒక్కొక్క వెదకులాటకు సుమారు 13 మిల్లీసెకనులగును. అనగా వేర్వేరు చోట్ల నున్న ముక్కలను సెకనుకు 77కు మించి తేలేదు. ముక్క 4 కిలోబైట్లదైనచో సెకనుకు దక్కునది 300 కిలోబైట్లు! వరుసగా చదువునప్పుడు సెకనుకు 100, 200 మెగాబైట్ల నిచ్చు డిస్కే చెదరిన ముక్కల యెడ ఇట్లు చతికిలబడును.

విచిత్రమేమన, తొలినాటి ఇంటి ఆటలకు ఈ బాధ లేదు. 1977లో వచ్చిన ఆటారి యంత్రములో ఆట ఒక చిప్పుపై నుండెడిది. పెట్టెలో గుచ్చగనే మొదలయ్యెడిది. 1994లో సోనీ సంస్థ ప్లేస్టేషనును కాంపాక్టు డిస్కుతో తెచ్చినది. డిస్కులో సుమారు 650 మెగాబైట్లు పట్టును, ఖరీదు స్వల్పము. కాని సెకనుకు వచ్చునది 300 కిలోబైట్లే. నిరీక్షణ అప్పుడు ఇంటింటికి వచ్చినది. నామ్కో అను జపాను సంస్థ రిడ్జ్ రేసర్ ఆట మొదలగు లోపల కాలక్షేపమునకు గెలాక్సియన్ అను చిన్న ఆటను పెట్టి, ఆ ఉపాయమునకు పేటెంటు కూడ పొందినది. అది 2015 వరకు చెల్లినది. నిరీక్షణ మీద కూడ హక్కు సంపాదించిన వారుండిరన్నమాట!

చిప్పు తిరిగి వచ్చుటకు దారి వేరొకచోట పడుచుండెను. 1967లో బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనువారు ట్రాన్సిస్టరులో విద్యుద్బంధకపు పొరల నడుమ ఒక వాహకమును ఇమిడ్చిరి. దానిలోనికి పంపిన ఎలక్ట్రానులు విద్యుత్తు ఆపినను బయటికి పోలేవు. కోటలో చిక్కినవాని వలె ఏండ్ల తరబడి అచటనే యుండును. ఎలక్ట్రానులున్నవా లేవా అనునదే గుర్తు. ఈ సూత్రముపై జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా 1980 తరువాత ఫ్లాష్ మెమరీని రూపొందించెను. అందు నేటి డ్రైవులకు మూలమైన నాండ్ రకమును 1987లో ప్రకటించెను. ఒక భాగమంతటిని కెమేరా ఫ్లాష్ వెలుగు వలె ఒక్కమారుగా చెరిపివేయుటచే ఆ పేరు వచ్చినది. తిరుగు పళ్లెము లేదు, జరుగు చేయి లేదు. ముక్క ఎచట నున్నను పదింట ఒక మిల్లీసెకను ప్రాంతమున అందును.

అడ్డు ధర ఒక్కటే. 1991లో సన్‌డిస్క్ సంస్థ అమ్మిన 20 మెగాబైట్ల డ్రైవు వెల సుమారు 1,000 డాలర్లు. 2008లో ఇంటెల్ తెచ్చిన 80 గిగాబైట్ల డ్రైవు టోకు ధర 595 డాలర్లు. ఆనాడు ఆటల కొరకే దానిని కొనుట దుబారాయే అని చెప్పవలెను. తెరపై సెకనుకు ఎన్ని చిత్రములు పడుననునది గ్రాఫిక్స్ కార్డుపై, ప్రాసెసరుపై ఆధారపడును. ఆట నడచుచుండగా కావలసిన సమాచారము అప్పటికే ర్యామ్‌లో నుండును. డ్రైవు తగ్గించునది మొదటి నిరీక్షణను మాత్రమే.

ఆ తగ్గింపునకు కూడ హద్దు కలదు. జీన్ ఆమ్డాల్ అను ఇంజనీరు 1967లోనే చెప్పిన సంగతి ఇచట వర్తించును: పనిలో ఒక భాగమును ఎంత త్వరపెట్టినను, మిగిలిన భాగము మిగిలియే యుండును. ఒక ఆట మొదలగుటకు 60 సెకనులు పట్టుననుకొందము. అందు 45 డిస్కు చదువుటకు, 15 ప్రాసెసరు పనికి. డ్రైవు ఐదు రెట్లు వేగవంతమైనచో 9, 15 కలిసి 24 సెకనులు. మరి ఐదు రెట్లు పెంచినచో 1.8, 15 కలిసి సుమారు 17. మొదటి మార్పుచే 36 సెకనులు మిగిలినవి. రెండవ దానిచే 7 మాత్రమే. సెకనుకు సుమారు 550 మెగాబైట్లిచ్చు సాటా డ్రైవు నుండి 3,500 మెగాబైట్లిచ్చు ఎన్.వి.ఎం.ఈ. డ్రైవునకు మారినవారు ఆటలో తేడా కనిపించలేదని నిట్టూర్చుటకు కారణమిదియే. పిల్లలకు నల్లబల్లపై వేసి చూపదగిన లెక్క.

ఇక ఆటల తయారీదారులు చేతిని జరుపుట తప్పించుటకై ఒకే వస్తువును డిస్కుపై పలుచోట్ల వ్రాసెడివారు. 2018 నాటి స్పైడర్‌మాన్ ఆటలో కొన్ని అంశములు 400 మార్లు వ్రాయబడినవని సోనీ రూపశిల్పి మార్క్ సెర్నీ 2020 మార్చిలో వెల్లడించెను. ఆ సంవత్సరమే వచ్చిన ప్లేస్టేషన్ 5లో సెకనుకు 5.5 గిగాబైట్లిచ్చు ఎస్.ఎస్.డి. నమర్చిరి. అందరి వద్ద ఆ వేగమున్నదని తెలిసిన పిమ్మట, ఆట నడచుచుండగనే డ్రైవు నుండి తెచ్చుకొను ఏర్పాటులు పెరిగినవి. 2023లో వెలువడిన స్టార్‌ఫీల్డ్ ఎస్.ఎస్.డి.ని కనీసావసరముగా పేర్కొన్నది. అట్టి ఆటను హార్డ్ డిస్కుపై ఆడినచో నడుమ నడుమ ఆగుట, బొమ్మలు ఆలస్యముగా తెరకెక్కుట జరుగవచ్చును. సగటు చిత్రసంఖ్య మారకున్నను కుదుపు తెలియును.

కావున నేటికిని హార్డ్ డిస్కుతో ఆడువారు మారుట మంచిదే. సాటా రకమైనను చాలును. ఇదివరకే సాటా ఎస్.ఎస్.డి. గలవారు మాత్రము ఆ సొమ్మును ర్యామ్‌కో గ్రాఫిక్స్ కార్డుకో దాచుకొనుట మేలని నా అభిప్రాయము. ఏది కొన్నను ముందు గడియారము పట్టి కొలిచి చూడవలెను. హెల్‌డైవర్స్ 2 అను ఆటను తయారుచేసిన స్వీడన్ వారు హార్డ్ డిస్కు గలవారి కొరకని సమాచారమును పదే పదే వ్రాయగా, అది కంప్యూటరుపై సుమారు 154 గిగాబైట్లు ఆక్రమించినది. 2025లో నిజముగా కొలిచి చూడగా, ఆలస్యములో అధికభాగము ఆటస్థలమును నిర్మించు లెక్కలదే గాని డిస్కుది కాదని తేలినది. నకళ్లు తీసివేసిరి. ఆట 23 గిగాబైట్లకు తగ్గినది. హార్డ్ డిస్కుపై ఆడువారికి పెరిగిన నిరీక్షణ కొద్ది సెకనులే.