బంద్‌కు జరిమానా, పరుగుకు రహదారి

బాంద్రా-వర్లీ సీలింక్ మీద నడవడం నేరం. 2009 జూన్‌లో ప్రారంభమైన ఆ వంతెన మీదకు పాదచారులకే కాదు, ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు కూడా ప్రవేశం లేదు. అయితే ఏటా జనవరి మూడో ఆదివారం తెల్లవారుజామున ఆ వంతెన మనుషుల పాదాల కింద మోగుతుంది. కార్లు ఆగిపోతాయి. దక్షిణ ముంబైలో ఛత్రపతి శివాజీ టెర్మినస్ నుంచి మెరీన్ డ్రైవ్, పెద్దర్ రోడ్, హాజీ అలీ, వర్లీ మీదుగా బాంద్రా దాకా నగరపు ప్రధాన ధమని కొన్ని గంటలపాటు మూతపడుతుంది. పోలీసు శాఖ, నగరపాలక సంస్థ, రైల్వేలు ఇందుకు ముందుండి సహకరిస్తాయి. ముంబై మారథాన్ చరిత్రను క్రీడా పుటల్లో చాలాసార్లు చదివాం. రాజకీయ పుటలో చదవవలసిన భాగం కూడా అందులో ఉందని నా అభిప్రాయం.

తొలి పరుగు 2004 ఫిబ్రవరి 15న జరిగింది. విజేత దక్షిణాఫ్రికాకు చెందిన హెండ్రిక్ రమాలా. అదే ఏడాది నవంబరులో ఆయన న్యూయార్క్ మారథాన్ కూడా గెలవడంతో ముంబై పేరు పరుగు ప్రపంచంలో వినబడింది. మరుసటి ఏడాది నుంచి పోటీని జనవరికి జరిపారు. ఫిబ్రవరి మధ్యకు ముంబై గాలి ఎంత బరువెక్కుతుందో అక్కడ ఒక పూట నడిచినవారికైనా తెలుసు. భారతదేశానికి మారథాన్ అప్పటికి కొత్తేమీ కాదు. పక్కనే పుణెలో 1983 నుంచే అంతర్జాతీయ మారథాన్ నడుస్తోంది. దాని వెనుక ఉన్నది కాంగ్రెస్ నాయకుడు సురేశ్ కల్మాడీ. అది రాజకీయ నాయకుడి ప్రాపకంలో నడిచిన పరుగు. ముంబైలో వచ్చింది వేరే నమూనా. అనిల్, వివేక్ సింగ్ సోదరులు 1988లో స్థాపించిన ప్రోకామ్ సంస్థ నిర్వహణ, స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు పేరు, కార్పొరేట్ ఉద్యోగుల బృందాలు, స్వచ్ఛంద సంస్థల విరాళాల సేకరణ. మంత్రి జెండా ఊపుతాడు తప్ప నడిపించడు. ఆ నమూనా తర్వాత ఢిల్లీకి, బెంగళూరుకు, కోల్‌కతాకు వెళ్లింది.

ఆ 2004 జూలైలోనే బొంబాయి హైకోర్టు మరో తీర్పు చెప్పింది. అంతకు ముందు ఏడాది ఘాట్కోపర్ బస్సు పేలుడుకు నిరసనగా 2003 జూలై 30న బీజేపీ, శివసేన ముంబై బంద్ జరిపాయి. మాజీ కేబినెట్ కార్యదర్శి బి.జి. దేశ్‌ముఖ్, ప్రకటనల రంగ ప్రముఖుడు అలిక్ పదంసీ తదితరులు కోర్టుకెక్కారు. ఒక్కో పార్టీకి 20 లక్షల రూపాయల జరిమానా పడింది. బంద్‌లు రాజ్యాంగ విరుద్ధమని 1997లో కేరళ హైకోర్టు చెప్పడం, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించడం అప్పటికే జరిగాయి. అదే 1997లో నారిమన్ పాయింట్, చర్చ్‌గేట్ ప్రాంత వాసుల పిటిషన్‌తో దక్షిణ ముంబైలో మోర్చాలు, ధర్నాలు ఆజాద్ మైదానం గోడల మధ్యకు చేరడం మొదలైంది. మంత్రాలయం దాకా వెళ్లే ఊరేగింపు ఆ తర్వాత ముంబై జీవితంలోంచి క్రమంగా తప్పుకుంది.

ఇందులో కుట్ర ఏమీ లేదు. మారథాన్ నిర్వాహకులు తీర్పు రాయించలేదు, న్యాయమూర్తులు పరుగు కోసం వీధులు ఖాళీ చేయించలేదు. పైగా, ఆ రోజుల బంద్‌ను తలచుకుని నిట్టూర్చవలసిన పని కూడా లేదు. శివసేన బంద్ అంటే పగిలిన బస్సు అద్దం, దింపిన షట్టర్, రోజు కూలీ పోయిన మనిషి. కోర్టు తప్పుపట్టింది ఆ భయాన్నే. అయినా ఒక నగరం తన వీధిని ఎవరి కోసం ఆపుతుంది అన్న ప్రశ్నకు 1990ల చివర, 2000ల మొదట ఒక జవాబు స్థిరపడింది. మారథాన్ పెరిగింది ఆ జవాబు మీదే.

ఆ వీధి పాత యజమానులను కూడా తలచుకోవాలి. ఈ పరుగు దారిలో వచ్చే వర్లీ, ప్రభాదేవి పరిసరాలు ఒకప్పటి గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరికి పడమటి అంచు. కొంకణ్, దక్కన్ మరాఠీలతో పాటు తెలంగాణ పల్లెల నుంచి వెళ్లిన పద్మశాలీలు ఆ నూలు మిల్లుల్లో మగ్గాలు నడిపారు. వర్లీ చాల్‌లలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. కామాఠీపుర పేరులో ఉన్నది మన వలస కూలీలే. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మెను అధికారికంగా ఎవరూ విరమించలేదు, మిల్లులే మాయమయ్యాయి. మిల్లు భూములను మూడో వంతు నగరానికి, మూడో వంతు పేదల ఇళ్లకు, మూడో వంతు యజమానికి పంచాలన్న 1991 నిబంధనను 2001లో సవరించి, ఖాళీ స్థలానికే వర్తింపజేశారు. హైకోర్టు తప్పన్నా, సుప్రీంకోర్టు 2006 మార్చిలో ఆ సవరణను నిలబెట్టింది. ఆ నేల మీద లేచిన కార్యాలయాల ఉద్యోగులు ఏటా జనవరిలో ఆ దారినే పరుగెత్తుతారు. 2009లోనూ, 2015లోనూ జనవరి మూడో ఆదివారం సరిగ్గా 18వ తేదీనే పడింది. సమ్మె మొదలైన తేదీ అని ఆ ఉదయం ఏ మైకులోనూ వినబడి ఉండదు.

ఆ రెండు ఉదయాలకూ వాటి సొంత కథలున్నాయి. 2009 పరుగు 26/11 దాడులు జరిగి రెండు నెలలు కాకుండానే వచ్చింది. యాభై మందికి పైగా ప్రయాణికులు నేలకొరిగిన టెర్మినస్ ముందే ప్రారంభ రేఖ. భారీ బందోబస్తు మధ్య వేలమంది అక్కడికి వచ్చారు. ముంబై మారథాన్ నిజంగా నగరానిదయింది ఆనాడే అని నేననుకుంటాను. మరుసటి ఏడాది సీలింక్ దారిలో చేరింది. 2015లో ఓ.పి. జైషా 2 గంటల 37 నిమిషాల 29 సెకన్లలో ముగించి, 1995 నుంచి సత్యభామ పేరిట ఉన్న జాతీయ రికార్డును చెరిపేసింది. 2016లో నితేంద్ర సింగ్ రావత్‌కు వేగం అందించడానికి దిగిన టి. గోపి ఆగకుండా పరుగు పూర్తి చేసి భారతీయుల్లో రెండోవాడిగా నిలిచి, రియో ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించాడు. అక్కడ 25వ స్థానం. గోపి, రావత్ సైన్యంలో ఉద్యోగులు, జైషా రైల్వే ఉద్యోగిని. కార్పొరేట్ పండుగగా పేరుపడిన ఈ పరుగులో మన తరఫున ముందు నిలిచేది ప్రభుత్వ జీతగాళ్లేనన్నది గమనార్హం. ఆరు కిలోమీటర్ల డ్రీమ్ రన్‌లో సినిమా తారలు, బ్యాంకుల అధిపతులు కెమెరాలకు చేతులూపే వేళకు వాళ్లు ఎక్కడో పెద్దర్ రోడ్ ఎత్తు ఎక్కుతుంటారు.

విరాళాల సంగతి చిన్నది కాదు. ఏళ్ల మీద వందల కోట్ల రూపాయలు స్వచ్ఛంద సంస్థలకు చేరాయి. బడి, ఆసుపత్రి, అనాథ శరణాలయం అందులో ఉన్నాయి. దాన్ని ఎద్దేవా చేయడం నాకు ఇష్టం లేదు. కాకపోతే మిల్లు కార్మికుడు ఇల్లు హక్కుగా అడిగిన వీధిలోనే దాతృత్వం టీషర్టు వేసుకుని పరుగెత్తడం ఒక కాలం పోయి మరో కాలం వచ్చిందనడానికి గుర్తు.

2018 మొదటి పది వారాలు ఈ కథనంతా ఒకచోట చూపించాయి. జనవరి 3న, భీమా కోరేగావ్ హింసకు నిరసనగా ప్రకాశ్ అంబేడ్కర్ పిలుపు మీద మహారాష్ట్ర బంద్. ముంబైలో రైళ్లు ఆగాయి, రహదారులు ఆగాయి. దళితులు నగరాన్ని స్తంభింపజేశారన్న ఫిర్యాదు ఆ సాయంత్రం టీవీ చర్చల్లో వినిపించింది. జనవరి 21న టాటా పేరుతో తొలి మారథాన్, అదే నగరం స్తంభించడం, ఈసారి చప్పట్లతో. మార్చి 6న నాసిక్ నుంచి అఖిల భారత కిసాన్ సభ వెంట రైతులు, ఎక్కువగా ఆదివాసులు, అటవీ హక్కులు, రుణమాఫీ కోరుతూ నడక మొదలుపెట్టారు. సుమారు 180 కిలోమీటర్లు. అంటే నాలుగు మారథాన్‌ల కంటే ఎక్కువ. చాలామంది కాళ్లకు తెగిన చెప్పులు, కొందరికి అవీ లేవు.

మార్చి 11 రాత్రి సాయన్ సమీపంలోని సోమయ్యా మైదానంలో విడిది. మర్నాడు పదో తరగతి పరీక్ష. పిల్లలు పరీక్షా కేంద్రాలకు చేరడానికి ఇబ్బంది కాకూడదని, అలసిన కాళ్లతో అర్ధరాత్రి దాటాక లేచి, చీకట్లోనే ఆజాద్ మైదానానికి నడిచారు. దారి పొడవునా ముంబైవాసులు నీళ్లు, బిస్కెట్లు, చెప్పులు ఇచ్చారు. మారథాన్ రోజున పెద్దర్ రోడ్ మీద నారింజ తొనలు పంచే చేతుల వంటివే అవి. నగర ప్రజల మనసు గురించి నాకెప్పుడూ అనుమానం లేదు. సందేహమంతా నియమాల గురించే. ప్రభుత్వం లిఖితపూర్వక హామీ ఇచ్చింది. ప్రత్యేక రైళ్లు ఎక్కించి పంపింది. అవి బయలుదేరింది కూడా మారథాన్ మొదలయ్యే టెర్మినస్ నుంచే.

మన హైదరాబాద్‌కు ఈ లెక్క కొత్త కాదు. ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగిన 2011లోనే, హుస్సేన్‌సాగర్ అంచున ఇప్పుడు నెక్లెస్ రోడ్డు నుంచి సాగే హైదరాబాద్ మారథాన్ కూడా మొదలైంది. ఆ మార్చ్‌తో బలం పుంజుకున్న పార్టీ అధికారంలోకి వచ్చాక 2017లో ఇందిరా పార్కు ధర్నాచౌక్‌ను ఎత్తేసింది. హైకోర్టు జోక్యంతో 2018లో గాని అది తిరిగి తెరుచుకోలేదు. నెక్లెస్ రోడ్డు పరుగుకు ఎవరూ అడ్డు చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

కరోనా వల్ల 2021, 2022లలో ఆగిన ముంబై పరుగు 2023లో తిరిగొచ్చింది. ఇరవై వేల పైచిలుకు మందితో మొదలైనది, 2025 జనవరి 19న ఇరవయ్యో పరుగు నాటికి అరవై వేలు దాటింది. వాళ్లలో వేలమంది ప్రారంభానికి ముందు వరుస కట్టేది ఆజాద్ మైదానంలోనే. అక్కడి గేటు తెరుచుకుంటే నగరమంతా వాళ్లదే. ఏడు నెలల తర్వాత, ఆగస్టు 29న మరాఠా రిజర్వేషన్ల కోసం మనోజ్ జరాంగే అదే మైదానంలో దీక్షకు కూర్చున్నప్పుడు పోలీసులు ఇచ్చిన అనుమతి ఒక్క రోజుకు, సాయంత్రం 6 గంటల దాకా, 5,000 మందికి. వచ్చినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. వాళ్లు టెర్మినస్ ముందు రోడ్డు మీద వంట చేసుకున్నారు, బురదలో పడుకున్నారు. వీధులు ఖాళీ చేయించమని హైకోర్టు ఆదేశించింది. సెప్టెంబరు 2న దీక్ష ముగిసింది, సాయంత్రానికి వాహనాలు కదిలాయి.