మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం (1854–55)

శిస్తు వసూలులోనూ నేర విచారణలోనూ మద్రాసు ప్రెసిడెన్సీ ఉద్యోగులు జనాన్ని హింసిస్తున్నారన్న ఆరోపణలను పరిశీలించడానికి 1854లో ఏర్పడిన ముగ్గురు సభ్యుల సంఘం ఇది. 1855 ఏప్రిల్ 16న నివేదిక ఇచ్చింది. దీని పుట్టుకకు కారణం లండన్‌లో కామన్స్ సభలో జరిగిన ఒక చర్చ. భారతదేశంలో పోలీసుల నడవడి మీద చట్టసభలో లేచిన ప్రశ్న అధికారిక విచారణకూ, అక్కణ్ణించి కొత్త పోలీసు చట్టానికీ దారితీసిన తొలి సందర్భాల్లో దీన్ని లెక్కించవచ్చు. నిజాం రాజ్యంలోవి పోను ఆనాటి తెలుగు జిల్లాలు, అంటే గంజాం నుంచి నెల్లూరు దాకా ఉన్న కోస్తా, దానితోపాటు దత్తమండలాలు, ఈ ప్రెసిడెన్సీలోనివే. కాబట్టి ఇది తెలుగువారి చరిత్ర కూడా.

ఒకే చేతిలో శిస్తు, ఠాణా

కారన్‌వాలిస్ బెంగాల్లో పెట్టిన దరోగా పద్ధతిని, అంటే ఠాణాకొక జీతం పోలీసు అధికారిని నియమించే పద్ధతిని, మద్రాసు కొంతకాలం అనుసరించింది. అది నచ్చని ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి థామస్ మన్రో 1816లో దాన్ని తీసివేయించాడు. ఆ ఏటి 11వ రెగ్యులేషన్ ప్రకారం ఊళ్లో పోలీసు బాధ్యత గ్రామ పెద్దకు, తలారికి వచ్చింది. వారి మీద తాసిల్దారు, అతని మీద కలెక్టరు. కలెక్టరే మేజిస్ట్రేటు కూడా. ఊరి సంగతి ఊరివాళ్లకే తెలుస్తుందన్న మన్రో ఆలోచనలో న్యాయం లేకపోలేదు. దత్తమండలాల్లో ఆయన్ను నేటికీ ఆదరంగా తలుచుకుంటారు. ఆ గౌరవాన్ని అలా ఉంచి చూస్తే, ఈ ఏర్పాటులోని ముప్పు దాని పునాదిలోనే ఉంది. జమాబందీ లెక్క పూర్తి చేయవలసినవాడూ, మనిషిని పట్టి తెచ్చి కచేరీలో కూర్చోబెట్టగలవాడూ ఒక్కడే అయ్యాడు. వసూలు తగ్గితే తాసిల్దారు పై అధికారికి జవాబు చెప్పుకోవాలి. రైతును కొడితే మాత్రం జవాబు అడిగేవాడు లేడు. ఫిర్యాదు చేయాలన్నా తాలూకాలో రైతు వెళ్లవలసింది ఆ తాసిల్దారు దగ్గరికే.

చెన్నపట్నం నుంచి లండన్‌కు

ఈ సంగతి పార్లమెంటు దాకా వెళ్లడం వెనక ఉన్నవారిలో ముఖ్యుడు తెలుగువాడైన మద్రాసు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి (1806–1868). నీలిమందు, బట్టల వ్యాపారంలో గడించిన ఆయన 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రికను నడపడం మొదలుపెట్టాడు. తర్వాత మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఈ సంస్థ పుట్టిన ఏడు విషయంలో పుస్తకాల మధ్య ఏకాభిప్రాయం లేదు. కొందరు 1849 అంటే, ఎక్కువమంది 1852 అంటారు. కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్‌కు ఇది మొదట శాఖగా ఉండి తర్వాత విడిపోయిందన్న సంగతిని బట్టి చూస్తే 1852 వైపే మొగ్గు చూపవలసి వస్తుంది. మాతృసంస్థే 1851లో పుట్టింది మరి.

కంపెనీ చార్టరును 1853లో మళ్లీ పార్లమెంటు ఆమోదించవలసి ఉంది. ఆ అదను చూసుకుని అసోసియేషన్ పార్లమెంటుకు అర్జీ పెట్టింది. అందులో శిస్తు భారం, న్యాయస్థానాల తీరు, రోడ్లకూ చెరువులకూ ఖర్చు పెట్టకపోవడం వంటి మొరలున్నాయి. అదే కాలంలో లండన్‌లో ఇండియా రిఫార్మ్ సొసైటీ ఏర్పడింది. దాని పెద్దల్లో ఒకడైన పూల్ నియోజకవర్గ సభ్యుడు హెన్రీ డాన్‌బీ సేమూర్ 1853లో మద్రాసు వచ్చి జిల్లాల్లో తిరిగాడు. లక్ష్మీనరసు ఆయనకు తోడుగా వెళ్లాడని జీవితచరిత్రకారుల మాట. తిరిగి వెళ్లాక సేమూర్ సభలో అన్న మాటలకు బలం ఈ ప్రయాణమే. తాను స్వయంగా తిరిగి వచ్చిన ప్రాంతం గురించి మాట్లాడుతున్న సభ్యుణ్ణి కాగితాలు చూపించి కూర్చోబెట్టడం కంపెనీ మనుషులకు సాధ్యం కాలేదు.

కామన్స్ సభలో

చర్చ జరిగింది 1854 జూలై 11న. తీర్మానం పెట్టినవాడు బ్లాకెట్ అనే సభ్యుడు. అందులో పోలీసుల ప్రస్తావన కాదు, మద్రాసు భూమి హక్కుల మీద విచారణ కావాలన్న కోరిక ఉంది. చిత్రహింసల మాట ఆ చర్చ మధ్యలో వచ్చి, అసలు తీర్మానాన్ని మించిపోయింది. శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారని సేమూర్ చెప్పగానే, కంపెనీ కొలువులో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన సభ్యులు అటువంటిది తామెన్నడూ వినలేదన్నారు. కంపెనీ పాలనను పర్యవేక్షించే బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు సర్ చార్లెస్ వుడ్ ఈ ఆరోపణపై విచారణ జరిపిస్తామని మాట ఇవ్వక తప్పలేదు. తీర్మానం నెగ్గలేదు గాని ఆ మాట నిలిచింది.

విచారణ, నివేదిక

గవర్నరు లార్డ్ హారిస్ ప్రభుత్వం సెప్టెంబరులో సంఘాన్ని వేసింది. సభ్యులు మద్రాసు నగర మేజిస్ట్రేటు ఇ. ఎఫ్. ఎలియట్, సివిల్ ఉద్యోగి హెచ్. స్టోక్స్, బారిస్టరు జాన్ బ్రూస్ నార్టన్. మొదటి ఇద్దరూ కొలువులోనివారు. నార్టన్ అప్పటికే మద్రాసు పరిపాలనను విమర్శిస్తూ రాసినవాడు. ఆయనకు చోటివ్వడం వల్ల నివేదికకు కొంత విశ్వసనీయత వచ్చింది.

ప్రకటనలు వెలువడిన కొద్ది నెలల్లో 1,959 ఫిర్యాదులు అందాయి. వాటిలో 519 మంది స్వయంగా సంఘం ముందు నిలబడి చెప్పుకున్నవి, తక్కిన 1,440 ఉత్తరాలు. రైలు లేని రోజులు. గంజాం, విశాఖపట్నం వంటి చోట్ల నుంచి రైతు పనులు మానుకుని, చెన్నపట్నం చేరి, తాను ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నాడో ఆ అధికారి ఏలుబడిలోకే మళ్లీ తిరిగి వెళ్లాలి. ఇది తలుచుకుంటే ఆ 519 చిన్న అంకె కాదు.

నివేదిక నమోదు చేసిన పద్ధతుల జాబితా చదవడం కష్టం. ఎండలో నిలబెట్టడం, అన్నానికీ కాలకృత్యాలకీ పోనివ్వకపోవడం, పశువులను మేతకు వదలకుండా కట్టేయించడం, మోకాళ్ల వెనక ఇటుక ముక్కలు పెట్టి గొంతుక్కూర్చోబెట్టడం, ఇద్దరు బాకీదారుల జుట్లు కలిపి ముడివేయడం, జుట్టును గాడిద తోకకో దున్న తోకకో కట్టడం అందులో ఉన్నాయి. ఎక్కువగా కనిపించినవి రెండని సంఘం చెప్పింది. తమిళంలో అనుందాల్ అనేదాంట్లో మనిషిని వంచి మెడనూ కాలి వేళ్లనూ తాడుతో కలిపి కట్టి అలా వదిలేస్తారు. రెండోది కిట్టి. రెండు చెక్కల మధ్య వేళ్లనో ఒంటిలోని సున్నితమైన భాగాలనో పెట్టి నొక్కే పరికరం అది. దీని తెలుగు పేరు కూడా నివేదికలో ఇంగ్లీషు లిపిలో ఉంది. దాన్ని చీరట అనో చిరత అనో చదవవచ్చు. భజనల్లో వాయించే చిరతల్లాగే జంట చెక్కల వస్తువు కాబట్టి రెండోదే సబబుగా తోస్తుంది. ఊరి జనం దానికొక పేరు పెట్టుకునేంతగా అది వాడుకలో ఉందన్నమాట.

హింస నిజమేనని, శిస్తు వసూలులోనూ పోలీసు పనిలోనూ ఉందని సంఘం తేల్చింది. రెవెన్యూ, పోలీసు అధికారాలు ఒకే మనిషి చేతిలో ఉండటం దీనికి ప్రధాన ఆస్కారమని, వాటిని విడదీయాలని సూచించింది. యూరోపియన్ అధికారుల ప్రమేయం గాని ఆమోదం గాని లేదని, జనం మొర పెట్టుకునేది సాటి దేశీయ ఉద్యోగుల నుంచి కాపాడమనేనని కూడా రాసింది.

అర్జీదారుల అభ్యంతరం

యూరోపియన్ అధికారుల ప్రమేయం లేదన్న ఈ చివరి నిర్ణయమే వివాదమైంది. మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1856 జనవరిలో పార్లమెంటుకు మరో అర్జీ పంపింది. సంఘం మద్రాసు నగరం దాటలేదని, మూడు నెలలే కూర్చుందని, ఇల్లు వదిలి రాగలిగినవారు బహు కొద్దిమందేనని అందులో ఉంది. అంతకంటే బలమైన ప్రశ్న మరొకటి ఉంది. దెబ్బ కొట్టిన చిన్న ఉద్యోగిని పట్టుకున్న సంఘం, ఈ సంగతి నీ పై అధికారికి ఎంతవరకు తెలుసునని అతణ్ణి అడగలేదు. ఒత్తిడి పైనుంచి మెట్టుమెట్టుగా దిగి వస్తోందని, దాని మూలం శిస్తు వసూలు విధానంలోనే ఉందని అర్జీదారుల వాదం. అదే ఏడు ఏప్రిల్‌లో లార్డ్ ఆల్బమార్ల్ ఈ విషయాన్ని ప్రభువుల సభలో లేవనెత్తాడు.

కారల్ మార్క్స్ 1857 సెప్టెంబరులో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో అచ్చయిన వ్యాసంలో నివేదికనూ ఈ అర్జీనీ రెంటినీ ఉపయోగించుకున్నాడు. గవర్నర్ జనరల్ డల్‌హౌసీ 1855లో డైరెక్టర్లకు రాసిన ఉత్తరాన్ని కూడా అక్కడ ప్రస్తావించాడు. బ్రిటిష్ ప్రాంతాలన్నిటా కింది ఉద్యోగులు ఏదో ఒక రూపంలో హింస సాగిస్తున్నారన్న విషయంలో తనకు ఎంతోకాలంగా సందేహమే లేదని డల్‌హౌసీ అందులో ఒప్పుకున్నాడు. ఇది చదివాక, పైవారికి తెలియదన్న మాట నిలబడదు. ఇటీవలి చరిత్రకారుల్లో పలువురు కూడా సంఘం నింద మొత్తాన్ని దేశీయ ఉద్యోగుల మీదికి నెట్టి పాలకులను తప్పించిందనే భావిస్తారు. కొట్టిన చేతులు మనవాళ్లవేనన్నది కాదనలేని నిజం. లక్ష్మీనరసు బృందం కూడా దాన్ని కాదనలేదు. ఆ చేతికి పని పురమాయించినదెవరని మాత్రమే అడిగింది. వారి ప్రశ్నే నివేదిక కంటే లోతైనది.

ఫలితాలు

మద్రాసులో 1859 నాటి 24వ చట్టంతో జిల్లా పోలీసు విడి శాఖగా ఏర్పడింది. విలియం రాబిన్సన్ దాని తొలి అధిపతి. 1860లో అఖిల భారత పోలీసు కమిషన్, 1861లో 5వ పోలీసు చట్టం వచ్చాయి. ఈ మార్పుకు అసలు కారణం 1857 తిరుగుబాటేనని ఒక వాదం ఉంది. తొందర పెట్టింది తిరుగుబాటే కావచ్చు గాని, విభజన సూచన అంతకు రెండేళ్ల ముందే నివేదికలో ఉంది. తాసిల్దారు చేతి నుంచి లాఠీ పోయినా, జిల్లా పోలీసు మీద కలెక్టరు హోదాలోని మేజిస్ట్రేటు అదుపు మాత్రం పోలేదు.

పోలీసు ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదన్న నియమం 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరింది. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షనుగా కొనసాగి, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షను అయింది. 1860 శిక్షాస్మృతి 330వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో నేరం ఒప్పించడానికి హింసించే పోలీసుతోపాటు, శిస్తు బకాయి కోసం హింసించే రెవెన్యూ అధికారి కూడా కనిపిస్తాడు. శిక్షాస్మృతి ముసాయిదా 1837 నాటికే సిద్ధమైంది కాబట్టి ఆ ఉదాహరణను ఈ సంఘం ఖాతాలో వేయడం తొందరపాటు. కచేరీల్లోని పరిస్థితి పాలకులకు ఎంత ముందుగా తెలుసో చెప్పడానికి మాత్రం అది పనికొస్తుంది.

1859 చట్టం ఆంధ్ర జిల్లాలకు ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టంగా స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగింది. తెలంగాణ ప్రాంతానిది వేరే దారి. అక్కడ నిజాం కాలపు ఫస్లీ లెక్కలో 1329 నాటి హైదరాబాదు చట్టం ఉండేది.

స్వతంత్ర భారతంలో

పోలీసు జవాబుదారీ మీద 1977లో నియమించిన జాతీయ పోలీసు కమిషన్ 1981 వరకు వరుసగా నివేదికలిచ్చింది. పోలీసు సంస్కరణలకు సంబంధించిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలిస్తూ, పోలీసుల మీద ఫిర్యాదులు వినే ప్రత్యేక సంస్థలను రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో ఏర్పాటు చేయమంది. తాను ఎవరి మీద మొర పెడుతున్నాడో అతని దగ్గరికే వెళ్లవలసిన గతి ఫిర్యాదుదారుకు తప్పాలన్నది దీని సారం. 1854లో చెన్నపట్నం దారి పట్టిన రైతుల బాధ కూడా అదే.

చిత్రహింసను ప్రత్యేక నేరంగా నిర్వచించే బిల్లును లోక్‌సభ 2010 మే 6న ఆమోదించింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది. కమిటీ అదే ఏడు డిసెంబరులో నివేదిక ఇచ్చి, బిల్లును ఇంకా బలపరచమంది. తర్వాత అది సభ ముందుకు రాలేదు. 2014లో 15వ లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. చిత్రహింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి రూపొందించిన ఒడంబడికపై భారత్ 1997 అక్టోబరు 14న సంతకం చేసింది. దాన్ని ధ్రువీకరించడం ఇంకా జరగలేదు.