రెబ్బ

పోపు చిటపటమంటుండగా వంటింట్లోంచి అమ్మ కేకేసేది: “పెరట్లోకెళ్ళి రెండు రెబ్బలు కరివేపాకు తుంచుకురా!” రెండు రెబ్బలంటే రెండాకులు కాదని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒక్కో రెబ్బకి పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. ఆ తర్వాతెప్పుడో కాలేజీలో వృక్షశాస్త్రం మేష్టారు అదే రెబ్బని పైకెత్తి చూపించి, “ఇదంతా కలిపి ఒక్క ఆకు” అన్నారు. మనం ఆకులనుకునేవి పత్రకాలట, రెబ్బ మొత్తం సంయుక్త పత్రమట.

నమ్మకం కుదరకపోతే చెట్టు దగ్గరికే వెళ్ళాలి. రెబ్బ కాడ కొమ్మని అంటుకున్న చోట, ఆ చంకలో, ఆవగింజకన్నా చిన్న మొగ్గ ఉంటుంది. చిన్నాకుల తొడిమల దగ్గర ఎంత వెతికినా మొగ్గ కనబడదు. మొగ్గ ఎక్కడుంటే ఆకు అక్కడ మొదలైనట్టు లెక్క. ముదురు రెబ్బని కిందికి వంచితే టక్కున ఊడుతుంది, కొమ్మ మీద చిన్న మచ్చ మిగులుతుంది. ఆకు రాల్చుకోడానికి చెట్టు తనకి తానే పెట్టుకున్న అతుకు అది. అమ్మ చేతివేళ్ళు రోజూ సరిగ్గా అక్కడే తుంచేవి.

కొన్ని ఇళ్ళలో ‘రెండు రెమ్మలు’ అంటారు. తప్పనను గానీ నాకంతగా రుచించదు. రెమ్మంటే చిన్న కొమ్మ. వేపరెమ్మ కొసన చిగురుంటుంది, అది ఇంకా పెరుగుతుంది. రెబ్బకి ఆ ఆశ లేదు. సాగాల్సినంత సాగి ఆగిపోతుంది.

రెబ్బ అనే మాట కరివేపాకుతో ఆగలేదు. వెల్లుల్లికీ రెబ్బలే. ఒక్కో వెల్లుల్లి రెబ్బ నిజానికి ఒక మొగ్గ. అందులో మనం దంచుకునే తెల్లటి కండంతా ఆహారం దాచుకుని ఉబ్బిన ఆకే! ఇది తెలిసిన రోజున మన మాట ఎంత లోతుగా చూసిందోనని మురిసిపోయాను. మర్నాడే చారులోకి ‘నాలుగు రెబ్బలు చింతపండు’ వెయ్యమన్నారు. చింతపండు ఆకు కాదుగదా. మురిపెం అక్కడితో సరి. రెబ్బంటే ఆకు కాదు, గుత్తిలోంచి వేళ్ళకి ఒక్కటిగా ఊడివచ్చేది. ఆ లెక్క శాస్త్రానిది కాదు, చేతిది. కరివేప దగ్గర మాత్రం రెండు లెక్కలూ ఒకే అతుకు దగ్గర కలిశాయి.

‘ఆకు’ సంగతి వేరు. అది ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది. వక్కతో కలిస్తే తమలపాకు, మడిలో ఉంటే వరినారు, బండి చక్రంలో ఉంటే ఇరుసు నుంచి అంచుకి పోయే కర్ర. తమిళుల ఇలైకీ, కన్నడిగుల ఎలెకీ దీనితో చుట్టరికం లేదు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) చూస్తే దీని చుట్టాలు గోండీ, కొండ, కువి లాంటి అడవి నుడుల్లో తేలతాయి. ఆకుల దగ్గరే బతికినవాళ్ళతో మాట పంచుకున్నామంటే నాకదో సంబరం.

కరివేప అన్న పేరు కూడా కంటితో పెట్టిందే. నల్లని వేప అని. వేపాకు అంచు రంపం పళ్ళలా ఉంటుంది, ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. పోలిక ఆ రెబ్బ వరకే. కరివేపాకుని ఎండకెత్తి చూడండి, సూదిమొనలంత చుక్కలు మెరుస్తాయి. అవి నూనె గదులు. నిమ్మాకులోనూ అవే ఉంటాయి, మారేడులోనూ ఉంటాయి. ఈ మూడూ ఒకే కుటుంబం, వేపది వేరే. పేరు కన్ను పెట్టింది, చుట్టరికం ముక్కు చెబుతుంది.

అన్నిటికన్నా నన్ను తికమక పెట్టింది మునగ. కాడకి కాడ, దానికి మళ్ళీ కాడ, ఆ కొసల్లో వేలిగోరంత ఆకులు. మూరెడు పొడుగున్నా అదంతా ఒక్కటే ఆకు. ఆషాఢంలో అమ్మ ఆ కాడలన్నీ రాత్రి పాతచీర ముక్కలో మూటగట్టి పెట్టేది. పొద్దున్న విప్పి దులిపితే చిన్నాకులు వాటంతటవే జలజలా రాలేవి. ఉత్త కాడలు చేతిలో మిగిలేవి. ఒకసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు కాడ ఒకటి పట్టుకుని, “అమ్మా, ఇదంతా ఒక్కాకేనట” అన్నాను.

“అయితే ఇవాళ ఒక్కాకు పప్పే. ఇంటిల్లిపాదీ సర్దుకోండి” అంది.