గాజీ మునిగింది ఏ రాత్రి?

కొత్తవలస–కిరండూల్ (కె.కె.) రైల్వే లైనులో గూడ్సు గార్డుగా చేసి, రిటైరయ్యాక టైడాలోనే ఉండిపోయాను. బైలదిల్లా ఇనుప ఖనిజం మా ఊరి మీదుగానే విశాఖ రేవుకు దిగుతుంది. 1971 డిసెంబరులో ఆ రేవు వాకిట్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ తొంభైమందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. బండికి ప్రమాదం జరిగితే మావాళ్లు ముందుగా అటూ ఇటూ స్టేషన్ల ట్రైన్ రిజిస్టర్లు పట్టుకుంటారు. టైము తేలాకే కారణం. గాజీ కథనూ నేను అలాగే చదివాను.

అది నవంబరు 14న కరాచీలో బయల్దేరింది, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచాలని. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. మన నౌకాదళం చెప్పేదేమిటంటే, డిసెంబరు 3 అర్ధరాత్రి రేవు దాటిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ నీళ్లలో సుడి చూసి రెండు డెప్త్ ఛార్జీలు వేసింది. కాసేపటికి, 12:15కు, పెద్ద పేలుడు. ఊళ్లో భవనాలు అదిరాయి. గాజీలోంచి తీసిన గడియారం కూడా సరిగ్గా అప్పుడే ఆగి ఉందట. పాకిస్తాన్ మాత్రం, గాజీ పరిచిన మైన్లే దాన్ని పేల్చాయంటుంది.

మన నౌకాదళం మాటకు అడ్డుపడేది, అప్పట్లో సైన్యం తూర్పు కమాండ్‌లో ఉన్న మన జనరల్ జాకబ్ పుస్తకం. జాలర్లకు శకలాలు దొరికాయని తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ 3వ తేదీ ఉదయమే తనకు ఫోన్ చేశారని, గాజీ 1నో 2నో పేలిందన్నారని ఆయన రాశారు. అదే నిజమైతే రాజ్‌పుత్ బాంబులు వేసింది ఖాళీ నీళ్లలోకే.

అందరూ గడియారాన్నే సాక్ష్యం తెస్తారు. అది 12:15 అంటుంది సరే, ఏ తేదీ 12:15? ముళ్ల గడియారానికి పగలూ రాత్రీ కూడా ఒకటే. పోనీ పేలుడు విన్న జనాన్ని నమ్ముదామంటే, డెప్త్ ఛార్జీల చప్పుడు కూడా ఒడ్డుకు వినబడేదే. నాటి కాగితాలు చూద్దామా అంటే, తూర్పు నౌకాదళంలో గాజీ ఫైళ్లు నాశనం చేశారని 2010లో పత్రికలు రాశాయి. రైల్వేలో రిజిస్టరు పోతే ముందు ఉద్యోగం పోతుంది! (గాజీ మీద వచ్చిన 2017 సినిమాలో దాన్ని మన జలాంతర్గామి ముంచుతుంది. అది ఏ రికార్డులోనూ లేదు.)

శిథిలాన్ని చూసిన గజ ఈతగాళ్ల మాట ప్రకారం ముందుభాగంలో రేకులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. అంటే పేలింది లోపలే. ఎంక్వైరీ నాకిస్తే కారణం దగ్గర ఆ మాటే రాస్తాను. లోపలి మందుగుండును రాజ్‌పుత్ అంటించిందా అన్న గడిని, ఆ ఫోన్ సంగతి తేలేదాకా, పూరించను.