ఇసుకలో అక్షరాలు దిద్దిన సేవకుడు

కొత్త భాష నేర్చుకోవాలన్న ఆశ మన సంఘాల్లో చాలామంది యౌవనస్థులకు ఉంది. గల్ఫుకు వెళ్లేవారికి అరబ్బీ కావాలి. నర్సింగు చదివే ఆడపిల్లలకు ఇంగ్లీషు కావాలి. ఏజెన్సీ గ్రామాలకు సేవకు వెళ్లేవారికి కోయ మాట రావాలి. ముప్పై రోజుల్లో నేర్పుతామనే పుస్తకం కొంటారు, వారం తిరగకముందే అది అటకెక్కుతుంది. వాళ్లకు తెలివి చాలకనని మేము అనుకోము. అందుకే ఈసారి బర్తలోమయి జీగెన్‌బాల్గ్ గారి దినచర్యను మీ ముందు పెడుతున్నాము.

ఆయన 1706 జూలై 9న తరంగంబాడిలో దిగారు. ఊరు జర్మనీలో, పంపినది డెన్మార్కు రాజు నాల్గవ ఫ్రెడరిక్, వయసు సుమారు 24. తోడు వచ్చిన ప్లూచౌ గారు పోర్చుగీసు భాష పట్టారు, ఈయన తమిళం పట్టారు. చేతిలో వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. ఒక ముసలి పంతులుగారిని ఒప్పించి బడిని తన ఇంటికే రప్పించుకున్నారు. పిల్లల మధ్య కూర్చుని, వాళ్లలాగే వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దారు. మన తాతల వీధిబడి సంగతి విన్నవారికి ఈ దృశ్యం కొత్త కాదు. కానీ దిద్దుతున్నది విశ్వవిద్యాలయం చూసి వచ్చిన దొర!

తర్వాత ఆయన రోజును ఎలా పంచుకున్నారో తానే ఒక ఉత్తరంలో రాశారు. ఉదయం 7 నుండి 8 వరకు అంతకుముందు నేర్చిన మాటలనే మళ్లీ వల్లె వేయడం. 8 నుండి 12 వరకు తాను చదవని తమిళ పుస్తకాలు. పక్కన అర్థం చెప్పే పండితుడు, కొత్త మాట తగిలితే వెంటనే రాసిపెట్టే లేఖకుడు. భోజనం చేస్తుంటే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఎండ మండే వేళ 1 నుండి 2 వరకు విశ్రాంతి. 3 నుండి 5 వరకు మళ్లీ పుస్తకాలు. రాత్రి దీపం వెలుగులో కళ్లు చెడతాయని తాను చదివేవారు కాదు, 7 నుండి 8 వరకు మరొకరు చదువుతుంటే వినేవారు.

మాకు అన్నిటికన్నా నచ్చినది ఇంకొకటి. దొరికిన ప్రతి పుస్తకాన్నీ ఇలా చదివించుకోలేదు. తాను మాట్లాడటానికీ, రాయడానికీ పనికివచ్చే శైలి ఎవరిదో చూసి, వారి రచననే పదేపదే వినేవారు. ఒక్కొక్కటి వందసార్లు కూడా! ఇందులోని మాట ఒక్కటి కూడా తెలియకుండా ఉండకూడదన్నది ఆయన పట్టుదల. మనమైతే రెండోసారికే విసుగుపడి కొత్త పాఠం అడుగుతాం.

రెండేళ్లలో 20,000 మాటల పట్టిక తయారైంది. 1708లో క్రొత్త నిబంధన తర్జుమాకు పూనుకున్నారు. కోటలోని డేనిష్ అధికారితో తగవు వచ్చి నాలుగు నెలలు చెరలో ఉన్నారు. అయినా 1711లో తర్జుమా ముగించారు, 1715 నాటికి అచ్చు పూర్తయింది. పాత నిబంధనలో రూతు గ్రంథం దాకా వచ్చేసరికి, 1719లో, 36 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అదే ఏడు బెంజమిన్ షుల్జ్ గారు వచ్చారు. ఆయన తమిళం నేర్చి మిగిలిన గ్రంథాలు ముగించారు. ఆ తర్వాత మద్రాసు చేరి, అక్కడివారు మాట్లాడే మన తెలుగు కూడా నేర్చుకుని, బైబిలును తెలుగు చేశారు. ఆ తెలుగు బైబిలు మాత్రం అచ్చుకు నోచుకోలేదు.