వంటచెఱకు పొదుపు: పొంతపొయ్యి మొదలు పొగలేని పొయ్యి వఱకు

ఇంధనమును పొదుపు చేయవలెనను మాట ప్రభుత్వ ప్రకటనలలోని కెక్కుటకు ఎంతో పూర్వమే, కట్టెపుల్ల లేరి తెచ్చుకొనుటయో వెలపోసి కొనుటయో నిత్యకృత్యమైన తెలుగు గృహములలో, ఆ పొదుపు పొయ్యి కట్టుటయందే ఇమిడియుండెను. బంకమట్టిలో ఊక కలిపి త్రొక్కి పొయ్యి మెత్తెడి ఇల్లాండ్రు, దాని గర్భమునుండి ప్రక్కకు చిన్న దారి విడిచి, ఆ దారి కొనయందు మఱియొక కుదురు నమర్చి, దానిపై నీళ్లకుండ నుంచెడివారు. అదియే పొంత. అన్నపుకుండ అడుగును తాకి దాటిపోవు సెగ వృథాగా చూరు నంటక, పొంతకుండ క్రింద దూఱి నీటిని కాచును. వేఱొక పుల్లయైన కాల్పకయే వేడెక్కిన ఆ నీరు తరువాతి ఎసటికో, పసిబిడ్డ స్నానమునకో అక్కఱకు వచ్చును. 1845లో ఇంగ్లండునందు ఎడ్వర్డ్ గ్రీన్ అను నతడు, ఆవిరియంత్రపు బాయిలరునుండి గొట్టమునకు పోవు వేడిపొగ మార్గమున నీటిగొట్టముల నుంచి, బాయిలరులోనికి పోవలసిన నీటిని ముందుగా వేడిచేయు ఎకనమైజరునకు పేటెంటు పొందెను. లోహముతో, లెక్కలతో అతడు సాధించిన దానికిని మన పొంతకును ఆధారమైన సూత్ర మొక్కటే. అతని పేరు చరిత్రలో నిలిచినది. పొంతను మొదట కల్పించిన ఇల్లాలి పేరు ఎవరును వ్రాసి యుంచలేదు.

పొదుపు పొయ్యి నిర్మాణముతో ముగియలేదు. అన్నము ముక్కాలు మువ్వీస ముడికినంతనే కొఱవులను వెనుకకు లాగి, గంజి వార్చి, మూతపెట్టి, నిప్పులమీదనే ఉమ్మగిల్లనిచ్చుట; లాగిన కొఱవులపై నీళ్లు చల్లి బొగ్గులుచేసి సాయంకాలపు కుంపటికి దాచుట; ఇవి నేర్పునకు గుఱుతులుగా ఎన్నబడినవి. ఇక దాలి సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. గుంటలో పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, ఊకతో కప్పి, మంట లేవనీయక, పాలకుండను అందు దించినచో, పగలెల్ల సన్నని సెగమీద కాగి, పాలు ఎఱ్ఱబాఱి మందముగా మీగడ కట్టును. కాపలా అక్కఱలేదు, ఊదుగొట్టముతో పని లేదు. మంట పుట్టించుటకన్న మంటను అణచియుంచుటయే అధికమైన విద్యయని దాలిని చూచిన వారికి తెలియును.

ఊరిలో నున్న ఈ యుక్తులు పరిశ్రమలకును ప్రాకినవి. ఉప్పుడు బియ్యపు మిల్లులు తమ ఊకతోనే బాయిలరులు మండించుకొన్నవి. హోటళ్లలో రంపపుపొట్టు పొయ్యిలు వెలసినవి. డబ్బా నడుమ ఒక సీసాను నిలిపి, చుట్టును పొట్టు గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా పైకి తీసినచో మిగులు రంధ్రమే పొగదారి. అడుగున నిప్పంటించినచో అది గంటలకొలది నిలుకడగా కాలును.

అయినను పాతదంతయు మేలని వాదించుట నా యుద్దేశము కాదు. మూడు రాళ్ల పొయ్యిలో కాలిన కట్టెయొక్క వేడిలో ఇంచుమించు పదింట ఒక వంతు మాత్రమే కుండకు చేరును. తక్కినది గాలికి పోవును, పొగయో వండు స్త్రీల కన్నులకును రొమ్మునకును చేటు తెచ్చును. ఈ బాధను గుర్తించినవారిలో వార్ధాలోని గ్రామపరిశ్రమల కేంద్రమగు మగన్‌వాడివారు ముందున్నారు. వారి మగన్ చుల్హా అను పొయ్యి 1947 ప్రాంతమున వెలువడెను. తరువాత హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజు, ఒకే మట్టిదారిమీద వరుసగా కుదుళ్లు నిలిపి, చివర పొగగొట్టము నమర్చి, పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో ఇంగ్లీషున దానిని గూర్చి గ్రంథమే ప్రకటించెను. ఒక మంట పలు కుండలను కాచుచున్న ఆ ఏర్పాటులో పొంత పోలిక స్పష్టముగా కనబడుచున్నది. ఇంజనీరు వంటింటి సమస్యను ఆనకట్టల సమస్యతో సమానముగా ఎంచుట మన దేశమున అరుదైన విషయము. అందుచే ఆయన కృషి ఇంతకన్న ఎక్కువగా స్మరింపదగినది.

1983లో కేంద్ర ప్రభుత్వము మెఱుగుపఱచిన పొయ్యిల జాతీయ పథకమును చేపట్టి, 2002లో ముగియులోపల మూడుకోట్లకు పైగా పొయ్యిలు కట్టించెను. వానిలో పెక్కులు కొలదికాలమునకే పాడుపడెను. గొట్టమున మసి పేరుకొన్న తీయువారు లేరు. కుదురు కొలత ఇంటిలోని కుండకు సరిపోదు. పగుళ్లను మెత్తుట నేర్పినవారు లేరు. లక్ష్యసంఖ్యకై కట్టిన పొయ్యి వండువారి పొయ్యి కానేరదని నా నిశ్చితాభిప్రాయము. పొంత తరతరములు నిలిచినదనిన, కట్టినవారే వండుటయు, చెడినవెంటనే మరమ్మతు చేసికొనుటయు అందులకు హేతువులు.

ఇంతలో పట్టణములయందు ప్రెషర్ కుక్కరు వచ్చి, ఆవిరి నదిమి ఉష్ణమును నూటయిరువది డిగ్రీలకు చేర్చి, పప్పు ఉడుకు కాలమును బాగుగా తగ్గించెను. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకముద్వారా పేద మహిళలకు గ్యాసు కనెక్షను లిప్పించెను. కాని నేటికిని గ్యాసు పొయ్యి యుండియు పెరటిలో స్నానపు నీటికై కట్టెలు కాల్చు నిండ్లు పల్లెలలో నున్నవి.

ఇంధన మేదైనను చదువరులకు మనవి యొక్కటే: ఎసరు మరగనారంభించిన పిమ్మట మంట ఎంత పెంచినను మూయని గిన్నెలోని నీరు మఱింత వేడెక్కదు, అధికపు సెగ యంతయు ఆవిరియై పోవును, కనుక మూతపెట్టి, మంట తగ్గించి, పప్పును ముందుగా నానబెట్టి వండుడు.