పెండ్లికూతురి జడయు, ఫోటోవాని అద్దమును

స్త్రీలు ధరించు సొమ్ములలో గాజులు, ఉంగరములు, హారములు, మట్టెలు ధరించినవారి కంటికిని కనబడును. జడసొమ్ములు అట్టివి కావు. అవి వెనుక నుండువారికొఱకే పుట్టినవి. పెండ్లిపందిరిలో కన్య పీటపై తలవంచి కూర్చుండగా ఆమె మొగమును పురోహితుడును, తల్లిదండ్రులును చూతురు. వచ్చిన చుట్టములలో సగముమంది చూచునది ఆమె జడనే. ఇట్టి యలంకారమునకు ఎదుట నిలిచి చూచు ఫోటోయంత్రము తటస్థించినపుడు ఏమి జరిగెనో విచారింతము. విషయము చిన్నదిగ దోచును గాని, అందు మన ఆడుబిడ్డల చరిత్రము కొంత ఇమిడియున్నది.

కేశములను చూపుటకై స్త్రీని వెనుకకు త్రిప్పుట మన కళాకారులకు క్రొత్త కాదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పములలో మ్రొక్కుచున్న స్త్రీలను శిల్పి పలుచోట్ల మనకు వీపు కనబడునట్లు కూర్చుండబెట్టినాడు. వారి మొగము కానరాదు. తలకట్టును, వీపు వంపును మాత్రమే కానవచ్చును. ఇక్ష్వాకుల విజయపురి నల్లగొండ సీమకు పరాయిది కాదు. నడుమ నున్నది కృష్ణానది మాత్రమే. అయితే ఆ శిల్పికి మొగమును విడిచిపెట్టు స్వాతంత్ర్యముండెను. ఫోటోవానికి అది లేదు. ఏలన, ఇంటివారు రొక్కమిచ్చునది మొగముకొఱకు.

ఇక జడ సంగతి. కలిగిన యిండ్లలో పెండ్లికూతురి తలపై పాపిటబిళ్ళ, దానికి ఇరుప్రక్కల సూర్యచంద్రులు, నడినెత్తి వెనుక రాగిడి లేక నాగరము, దాని క్రింద వరుసగా జడబిళ్ళలు, కొసను కుప్పెలు లేక గంటలు నుండును. సొమ్ములు లేనివారికి పూలే సొమ్ములు. మల్లెమొగ్గలను అరటిదొప్పపై వరుసలు వరుసలుగా కుట్టి జడకు కట్టుదురు. ఇరుగుపొరుగు ముత్తయిదువలు నలుగురు కూర్చుండి పూటంతయు కుట్టిననేగాని అట్టి పూలజడ ముగియదు. నల్లగొండ, పాలమూరు పల్లెలలో కూలినాలి చేసికొను కుటుంబములవారికి ఇంత తీరిక యెక్కడిది? వారి కన్యకు నూనె రాచి దువ్విన కొప్పు, అందొక పూలదండ, నొసట బాసింగము చాలును. చిత్రమేమనగా, ఎదుటినుండి చూచు యంత్రమునకు ఈ బాసింగమే జడకంటె చక్కగా అందుచున్నది.

ఫోటోకళ 1839లో ఐరోపాలో లోకమునకు వెల్లడియైనది. హైదరాబాదు రాజ్యమున దానికి ప్రతిష్ఠ తెచ్చినవాడు లాలా దీన్‌దయాళ్. ఈయన 1844లో మీరటు దాపున సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, తుదకు ఆరవ నిజాము మహబూబు ఆలీఖానుని ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. 1890లో పాలమూరు మహబూబునగరమైనది ఈ ప్రభువు పేరనే. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాదున ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగ ఒక స్టూడియోను తెఱచి, దానిని కెన్నీ లెవిక్ అను ఆంగ్లేయ వనితకు అప్పగించెను. అచట పనిచేయువారును స్త్రీలే. పరపురుషుని కంట పడరాదను కట్టుబాటును మీఱకయే తమ రూపమును నిలుపుకొను వీలు ఆ స్త్రీలకు అట్లు కలిగెను. ఘోషా పాటించు దేశముఖుల కుటుంబములు గల మన తెలంగాణమున ఇది సామాన్యమైన మార్పు కాదు.

ఆనాటి ఫోటోపలకల గుణము తెలిసిననే గాని జడ యెంపిక యొక్క మర్మము తెలియదు. ఆ పలకలు నీలమును మిక్కిలిగ గ్రహించును; ఎఱుపును గ్రహింపవు. కావున నీలిచీర తెల్లబాఱును. ఎఱ్ఱని పట్టుచీర నల్లబాఱును. కుంకుమబొట్టు కాటుకబొట్టువలె నగపడును. పసుపు రాచిన చెక్కిళ్ళు ఉన్నదానికంటె చామనగును. కనకాంబరములు ఎంత ముచ్చటగ తుఱిమినను పటములో తలవెండ్రుకల నలుపులో కలిసిపోవును. మల్లెమొగ్గలు మాత్రము నల్లని జడపై చుక్కలవలె నిలుచును. నూనె రాచిన తల వెలుతురు పడినచోట మెఱసి పాయలు తీరుగ కనబడును. పొడితల నల్లని ముద్దయగును. 1873లో జర్మను పండితుడు ఫోగెల్ పలకకు రంగు పట్టించి ఆకుపచ్చ, పసుపు వన్నెలను కొంత గ్రహింపజేసెను. ఎఱుపునుగూడ గ్రహించు పలకలు 1906లో అమ్మకమునకు వచ్చినను అంతటను వాడుకలోనికి వచ్చుటకు చాల యేండ్లు పట్టెను. కావున నాటి నేర్పరియైన ఫోటోవాడు పెండ్లివారికి మల్లెలను పురమాయించెననిన అది అతని యభిరుచి మాత్రమే కాదు. పలక యొక్క యవసరము.

అయినను జడ వెనుకనే యుండెను. ఈ చిక్కును తీర్చినది నిలువుటద్దము. కన్యను కొంచెము ఓరగా కూర్చుండబెట్టి, వెనుక అద్దము నిలిపి, అందు జడ నాగరము మొదలు కుప్పెలవఱకు కనబడునట్లు అమర్చుదురు. ఒక్క పటములోనే మొగమును, వీపును చేరినవి. తెలుగునాటను, అరవనాటను స్టూడియోలలో ఈ పద్ధతి ఎంతగా నాటుకొనెననగా, పుష్పవతియైన బాలికకును, సీమంతము నాటి గర్భిణికిని, పెండ్లికూతురికిని అద్దపుఫోటో తీయించుట ఆచారమువలె నయ్యెను. శిల్పి స్త్రీని త్రిప్పి సాధించినదానిని ఫోటోవాడు ఆమెను త్రిప్పకయే సాధించినాడు. ఇది మన దేశపు బుద్ధికుశలతకు మంచి యుదాహరణమని మేము తలంతుము.

కాని ఆ యద్దము మఱియొకదానినిగూడ చూపినది. పాత పటములలో పెండ్లికూతుండ్రు పలువురు పది, పండ్రెండేండ్లకు మించని బాలికలు. సొంతజడ భుజము దాటని పిల్లకు సవరము చేర్చి, దానిపై బిళ్ళలును, గంటలును వ్రేలాడదీసిరి. మెడ నిక్కబెట్టి కదలక కూర్చుండుమని గద్దించిరి. అద్దములో జడ మహారాజ్ఞికి తగియుండును. ఎదుట మొగము మాత్రము బెదరిన పసిపాపది. 1929 నాటి శారదాచట్టము 1930 ఏప్రిలు నుండి ఆంగ్లపాలిత ప్రాంతమున అమలైనను నిజాము రాజ్యమునకు వర్తింపలేదు. ఆ లోటును చర్చించినవారు మన స్త్రీలే. 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మొదలైన ఆంధ్ర మహిళాసభ, 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలోను, 1936లో నాటి మహబూబునగరు జిల్లాకు చేరిన షాద్‌నగరులోను ఆంధ్రమహాసభతోపాటు సమావేశమయ్యెను. స్త్రీవిద్య, బాల్యవివాహములు, వితంతువుల దుఃఖము ఆ సభలలో చర్చకు వచ్చిన విషయములు.

వితంతువుల మాట జడ కథకు వెలుపలిది కాదు. బ్రాహ్మణాది కొన్ని కులములలో భర్త మరణించిన బాలిక జడ సొమ్ములతోపాటు వెండ్రుకలనుగూడ కోలుపోవుచుండెను. మారుమనువు సాగు కాపు, కూలి కుటుంబములలో ఈ క్రౌర్యము లేదు. పెద్దకులమని చెప్పుకొనువారు చిన్నకులమన్నవారికడ నేర్చుకొనవలసిన పాఠమిది. తల గొఱిగించుకొన్న స్త్రీ యింట గోడపై ఆమె పూలజడ ఫోటో వ్రేలాడుచుండుటకంటె కఠినమైన చరిత్రపాఠము వేఱొకటి యుండునా?

నేడు పలకలు లేవు. ఎఱుపు ఎఱుపుగనే పడుచున్నది. కనకాంబరములకు భయము లేదు. వీడియోలు కన్య చుట్టును తిరిగి తీయుచున్నవి గనుక అద్దముతోను పని తగ్గినది. చట్టము కన్యకు 18 ఏండ్లు నిండవలెనని శాసించుచున్నది. 2014లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన కల్యాణలక్ష్మి పథకమును ఆ వయస్సునే నియమముగ పెట్టినది. వివాహమును నమోదు చేయువారు పెండ్లిఫోటో నడుగుదురు. ఒకనాటి ముచ్చట నేడు సాక్ష్యమైనది.

ఇట్టి కాలమున గృహిణులకు మేము చెప్పదగినవి కొన్నియే. జడ ఎంత బరువైనను మెడ దానిని పగలంతయు మోయవలెను. బరువు బాధించిన మొగమును ఏ యంత్రమును నవ్వింపజాలదు. పూలు వెనుకనే గాక చెవుల కిరుప్రక్కల కొంచెము కనబడునట్లు తుఱిమిన ఎదుటి ఫోటోకు నిండుదనము వచ్చును. జడను భుజముమీదుగ ముందుకు వేసినను చాలును. అద్దె సొమ్ములకై అప్పు చేయనక్కఱలేదు. పెండ్లికి నాలుగు దినములు ముందుగ ఒకసారి జడ వేసి, ఫోటో తీసి, దానిని మొదట పిల్లకు చూపుడు. ఏది తనకు నచ్చెనో ఆమెనే చెప్పనిండు. వెనుకటి తరముల బాలికలను ఆ మాట అడిగినవారు లేరు.